జిల్లా ఆసుపత్రుల్లో ఓసీడీ థెరపీ ఇప్పించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా పిన్ని కూతురు చర్మం చిట్లి నెత్తురు వచ్చేదాకా చేతులు కడుగుతుంది. అనవసరమని తనకూ తెలుసు. కడగకపోతే వచ్చే టెన్షన్‌ను తట్టుకోలేదు. ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి తిట్టారు, తాయెత్తు కట్టించారు. చివరికి డాక్టరు ఓసీడీ అన్నారు, అంటే వద్దనుకున్నా అవే ఆలోచనలు వచ్చి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు.

దీనికి వైద్యం ఉంది. ఫ్లూయోక్సెటిన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి, కాకపోతే గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. ఆ మాట ఓపీలో చెప్పకపోతే జనం మధ్యలోనే మానేస్తారు. మాత్రలతోపాటు ఈఆర్‌పీ అనే థెరపీ కూడా ముఖ్యం. భయపడే వస్తువును ముట్టుకుని, కడగకుండా ఆగాలి. థెరపిస్టు తోడుగా, చిన్న భయంతో మొదలుపెట్టి మెల్లగా పెద్దవాటికి వెళ్లాలి. కడిగిన ప్రతిసారీ దొరికే కాస్త ఊరటే జబ్బును పెంచుతుంది, అందుకే ఈ పద్ధతి. "ఏం కాదులే" అని ఇంట్లోవాళ్లు పదేపదే ధైర్యం చెప్పడం కూడా దాన్ని పెంచేదే. ఇది మాకెవరూ చెప్పలేదు!

మా జిల్లా ఆసుపత్రిలో మాత్రలు రాస్తారు, థెరపీ చేసేవాళ్లు లేరు. మానసిక వైద్యం అందుకోవడం హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, సంతోషం. కానీ వారం వారం దగ్గరుండి చేయించే మనిషి కావాలి. ప్రతి జిల్లాకూ ఈఆర్‌పీలో శిక్షణ పొందిన ఒక క్లినికల్ సైకాలజిస్టును నియమించండి.

ఇట్లు,
ఒక అక్క