నాయిన రిపోర్టు గురించి

మాంచెస్టర్

అన్నకు, వదినకు నమస్కరించి రాయునది. నేను ఇక్కడ క్షేమం. డ్యూటీ ఎప్పటిలాగే సాగుతున్నది.

మీరు పంపిన బయాప్సీ రిపోర్టును మా వార్డు డాక్టరమ్మకు కూడా చూపించాను. నాయినకు వచ్చినది స్మాల్ సెల్ రకం. ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చిన వందమందిలో సుమారు 15 మందికే ఈ రకం ఉంటుంది. మా వార్డులో చేరేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారు, దాదాపు అందరూ ఏండ్ల తరబడి పొగ తాగినవారే. బీడీ మానేసిన తరువాత కూడా ఎందుకు వచ్చిందని అడిగారు. మానేస్తే ప్రమాదం ఏటేటా తగ్గుతుందే గాని, అన్నేండ్ల పొగ చేసిన చెరుపు పూర్తిగా పోదు. ఈ మాట నాయిన ముందు అనకండి.

ఆపరేషన్ ఎందుకు చేయరని బావ కోపగించుకుంటున్నాడట. ఈ గడ్డ చాలా వేగంగా పెరుగుతుంది. బయటపడేనాటికే ముగ్గురిలో ఇద్దరికి ఛాతీలో ఒక పక్కను దాటి కాలేయానికో, ఎముకలకో, మెదడుకో పాకి ఉంటుంది. కాబట్టి కోత కంటే కీమోయే ముఖ్యం. మొదట టీబీ అనుకొని మందులిచ్చిన డాక్టరును ఇప్పుడు తిట్టి లాభం లేదు; దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి.

నాయిన అర్ధరాత్రి లేచి, ఎన్నడో అమ్మేసిన బోరు మోటరు బంద్ చేసి రమ్మని కేకలేస్తున్నాడని, మతి తప్పిందేమోనని అమ్మ ఫోనులో ఏడ్చింది. అమ్మకు నిదానంగా చెప్పండి. ఈ రకం గడ్డ కొందరిలో ఒక హార్మోనును విడుదల చేస్తుంది. దానివల్ల మూత్రపిండాలు నీటిని బయటకు పోనివ్వక, రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండే లవణం, పడిపోయి మనిషి తికమకపడతాడు. నాయిన సోడియం 118కి వచ్చింది; 135కు తగ్గకూడదు. ఉప్పేసిన మజ్జిగ తాగిస్తే సరిపోదా అని అమ్మ అడగడం సహజమే, కానీ అక్కడ ఉప్పు కరువు కాలేదు, నీరు ఎక్కువై పలచబడింది. అందుకే డాక్టరు నీళ్లు తగ్గించమన్నాడు. దాహమంటే నోరు తడపండి, చెంబు చేతికివ్వకండి.

కీమో ప్రతి విడతా మూడు రోజులు, మూడు వారాలకొకసారి. చాలామందికి తొలి విడతలతోనే ఆయాసం తగ్గుతుంది. తిరిగి రావడం కూడా ఈ జబ్బులో ఎక్కువేనన్నది మీకు మాత్రమే రాస్తున్నాను. హైదరాబాదుకు తీసుకుపోయేటప్పుడు ఆరోగ్యశ్రీ కాగితాలు, పాత ఎక్స్-రేలు మరువకండి; మెదడు ఎంఆర్ఐ ఎప్పుడని అడగండి. రెండవ విడతకు సెలవు పెట్టి వస్తున్నాను. అందాకా నీళ్ల లెక్క వదిన చేతిలోనే ఉండనివ్వండి, అమ్మ చాటుగా తాగిస్తుంది.

మీ తమ్ముడు