తోడు మాత్ర సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో డిప్రెషన్ మీద వ్యాసం చదివాను. మాత్రలు మొదలుపెడితే కొన్ని వారాల్లో తేరుకుంటారని రాశారు. మా ఆవిడ తేరుకోలేదు. ఎస్సిటాలోప్రామ్ 10, ఆ తర్వాత 20, అది మార్చి సెర్ట్రలిన్... ఎనిమిది నెలలు గడిచాయి. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగి కారిపోతున్నా వాటినే చూస్తూ నిలబడేది.

అప్పుడు డాక్టరు గారు సెర్ట్రలిన్ ఆపకుండానే లిథియం కలిపారు. మెడికల్ షాపు కుర్రాడు చీటీ చూసి, "అంకుల్, ఇది పిచ్చికి కదా, ఎవరికి?" అని గట్టిగా అడిగాడు. ఆవిడ నా వెనకే ఉంది. మూడు వారాల తర్వాత ఆ మాత్రలు పోపుల డబ్బాలో మెంతుల కింద దొరికాయి.

ఆ కుర్రాణ్ని ఏమనను? ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేసిన నాకే తెలియదు. మళ్లీ తీసుకెళ్తే డాక్టరు గారు ఆవిడతోనే చెప్పారు: "పాలు పారబోయడం లేదమ్మా, తోడు వేస్తున్నాం, అంతే." ఆ మాటతో మళ్లీ వేసుకుంది. కొందరికి అరిపిప్రజోల్, క్వెటియాపిన్, థైరాయిడ్ మాత్ర కూడా ఇలాగే కలుపుతారట. డబ్బాలోని కాగితంలో స్కిజోఫ్రీనియా అని, అంటే తీవ్రమైన మానసిక జబ్బు పేరు చదివి హడలిపోయేవాళ్లు ఎందరో.

లిథియంతో జాగ్రత్తలూ ఉన్నాయి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇచ్చి అందులో లిథియం ఎంతుందో (లెవెల్) చూపించుకోవాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు అప్పుడప్పుడూ తప్పవు. మోకాళ్ల నొప్పులకని సొంతంగా డైక్లోఫెనాక్ వేసుకుంటే ఒంట్లో లిథియం పెరిగిపోవచ్చు. బీపీ అని పక్కింటావిడ ఉప్పు మానేయమంది. ఉన్నట్టుండి ఉప్పు తగ్గించినా ఇదే ప్రమాదమని మాకు ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు ఇంకో పేషెంటు తమ్ముడు చెప్పాడు! డాక్టరు గారిని అడిగితే నిజమేనన్నారు. అది ముందే చెప్పాల్సింది కాదా?

డాక్టర్లు చీటీ మీద "డిప్రెషన్ మందుకు తోడు" అని తెలుగులో ఒక్క ముక్క రాస్తే చాలు. మీరూ ఈసారి ఆ పేజీలో దీని గురించి రాయించండి.

నా పేరు మాత్రం వేయకండి. పక్కింటివాళ్లు కూడా మీ పేపరే వేయించుకుంటారు.

- ఒక పాఠకుడు, తణుకు