దైర్ అల్ హగర్ గుడి దాకా చేర్చినవాళ్లందరికీ థ్యాంక్స్

అందరికీ నమస్కారం. ఈజిప్టు పడమటి ఎడారిలో, దాఖ్లా ఒయాసిస్‌లో ఉన్న దైర్ అల్ హగర్ గుడి చూసుకుని అమ్మా నేనూ క్షేమంగా కైరో చేరాం. ముందే డబ్బు కట్టించుకున్న టూర్ వాళ్ల కారు రానేలేదు, ఫోనూ ఎత్తలేదు, వాళ్ల గురించి ఇంతకంటే రాయడం దండగ.

కైరోలో ఉంటున్న మన తెలుగు అక్కకి ముందుగా. చెక్‌పోస్టులో పోలీసులు అరబిక్‌లో ఏదేదో అడుగుతుంటే టెన్షన్‌తో నాకు నోట మాట రాలేదు, ఫోన్ స్పీకర్‌లో పెడితే ఆవిడ అవతల కుక్కర్ విజిళ్ల మధ్యే వాళ్లకి అన్నీ సర్దిచెప్పింది. అక్కా, నీ రుణం తీరదు.

అల్ ఖస్ర్ ఊళ్లో టీకొట్టు పెద్దాయన మా అవస్థ చూసి వాళ్ల అబ్బాయిని పికప్ వ్యాన్‌తో పిలిపించాడు. అమ్మ ముందు సీట్లో, నేను వెనక పచ్చగడ్డి మోపుల మీద. ఇండియా అనగానే పెద్దాయన అమితాబ్ అన్నాడు, నేను చిరంజీవి అన్నాను, పాపం ఆయనకి తెలీదు. టీకి మాత్రం డబ్బులు తీసుకోలేదు.

ఇక గుడి కాపలా ఆయన. ఒక స్తంభం మీద మన తలకి బాగా పైన పేర్లు చెక్కి ఉన్నాయి, 1874లో వచ్చిన జర్మన్ యాత్రికుడు రోల్ఫ్స్ బృందానివి. అంత ఎత్తున ఎలా చెక్కారా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆయన గుప్పెడు ఇసుక తీసి, చెయ్యి పైకి చాచి, ఆ పేర్ల వైపు చూపిస్తూ మెల్లగా వదిలాడు. అప్పట్లో గుడి అక్కడిదాకా ఇసుకలో కూరుకుపోయి ఉంది, వాళ్లు ఆ ఇసుక మీదే నిలబడి చెక్కుకున్నారన్నమాట! ఏ గైడూ ఇంత బాగా చెప్పలేడు.

నీరో కాలంలో మొదలైన గుడి ఇది, తర్వాత డొమిషియన్ దాకా రోమన్ చక్రవర్తుల పేర్లు గోడల మీద ఉన్నాయి, అందరూ ఫారో వేషంలోనే. అమ్మకి ఆ రాజుల గొడవ పట్టలేదు. ఇక్కడి దేవుళ్లు ఆమున్, ఆయన భార్య ముట్, వాళ్ల కొడుకు ఖోన్సు అని చెప్పగానే "అయితే సంసారమంతా ఇక్కడే ఉందన్నమాట" అని చెప్పులు విప్పి దండం పెట్టుకుంది. కాపలా ఆయన నవ్వలేదు, ఎండకి కాళ్లు కాలతాయని ఆవిణ్ణి నీడలోకి పిలిచి గోనెపట్టా పరిచాడు. అది చూశాక నాకు కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు.

ఆయన కూడా డబ్బు తీసుకోలేదు, మనవడితో కలిపి ఫోటో మాత్రం తీయించుకున్నాడు. ప్రింట్లు వేయించి అక్క దగ్గర ఉంచాను. ఈ చలికాలం ఎవరైనా దాఖ్లా వైపు వెళ్తుంటే మెసేజ్ పెట్టండి, కవరు చిన్నదే, బరువేం ఉండదు.