అది దులిపితే పోయే బూజు కాదమ్మా

మాంచెస్టర్,
ఆదివారం రాత్రి

అమ్మకు,

ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది.

మొన్న ఫోనులో పాప వెనుక గోడ మీద నల్లటి మచ్చలు చూసి, "బూజు దులపడానికి కూడా తీరిక లేదా?" అన్నావు. ఆ మాట రెండు రోజులు నన్ను వదలలేదు. పండగ ముందు చీపురును కర్రకు కట్టి దులుపుతావే, ఆ బూజు కాదమ్మా ఇది. తడి తగిలిన ఊరగాయ జాడీలో పుట్టే రకం. గోడ చెమ్మగిల్లితే వస్తుంది. తుడిస్తే నాలుగు రోజులు కనిపించదు, మళ్లీ మొలుస్తుంది. నేను తుడవని వారం లేదు.

పాప దగ్గు తగ్గింది. డాక్టరు చూసి ఛాతీలో ఏమీ లేదన్నారు. మంచం మా గదిలోకి మార్చాం. నువ్వు నిద్ర పాడుచేసుకోకు.

ఇంటి యజమానికి మొదటిసారి చెప్పినప్పుడు, "మీరు వంట ఎక్కువ చేస్తారు, బట్టలు ఇంట్లోనే ఆరేస్తారు, కిటికీలు తెరవరు" అన్నారు. తప్పు చేసినదానిలా తల వంచుకుని వచ్చేశాను. అందులో కొంత నిజం ఉంది. చలికాలం బయట బట్టలు ఆరవు. లోపల ఆరేస్తే వాటి తడంతా గాలిలో కలిసి, చల్లటి కిటికీ అద్దం మీద నీళ్లై కారుతుంది. కిటికీ అంచుల్లో పట్టిన బూజు నా వల్లే. ఇప్పుడు స్నానాల గదిలో ఆరేసి, తలుపు మూసి, గాలిని బయటికి లాగే ఫ్యాను వేస్తున్నాను. పొద్దున్నే అద్దాలు తుడుస్తున్నాను.

కానీ పాప గదిలోది వేరు. పైకప్పు మూల నుంచి కిందికి దిగుతోంది, వాన పడిన మర్నాడు ఇంకా పెరుగుతోంది. ఈయన బయటికి వెళ్లి చూస్తే, చూరు వెంట ఉండే వాననీటి గొట్టం పగిలి నీళ్లు గోడ మీదుగా కారుతున్నాయి. నేను పొయ్యి వెలిగించకపోయినా ఆ గోడ తడుస్తుంది కదా! గోడలు, కప్పు, ఆ గొట్టాలు బాగుచేయించాల్సింది యజమానే అని ఇంగ్లండులో 1985 నుంచీ చట్టం ఉంది. అద్దెకిచ్చే ఇల్లు మనుషులు ఉండటానికి తగినట్టు ఉండాలని 2018లో మరో చట్టం చేశారు. అలా ఉందో లేదో తేల్చేటప్పుడు చెమ్మనూ లెక్కలోకి తీసుకుంటారు.

"ఇల్లు మనది కానప్పుడు సర్దుకుపోవాలి" అన్నావు. ఎన్నో సర్దుకున్నాను, ఇది మాత్రం నా వల్ల కాదు. మాకు దగ్గర్లోనే రాచ్‌డేల్ ఉంది. అక్కడ అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లోని బూజే కారణమని 2022లో విచారణలో తేలింది. ఆ తండ్రి ఎన్నోసార్లు మొరపెట్టుకున్నాడట. ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ, వాళ్ల అలవాట్ల వల్లే అని తోసిపుచ్చిందట. అది చదివిన రాత్రి పాపను పక్కన పడుకోబెట్టుకుని తెల్లవార్లూ దాని ఊపిరి వింటూ ఉన్నాను. ఆ బాబు పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమైతే 24 గంటల్లో సరిచేయాలి. కానీ అది కౌన్సిళ్లు, గృహ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే సామాజిక గృహాలకే, మా ప్రైవేటు ఇంటికి ఇంకా రాలేదు.

గొడవేమీ పడలేదమ్మా. తేదీలు వేసి, ఫోటోలు జతచేసి, మర్యాదగా రాతపూర్వకంగా పంపాను. అద్దె ఆపలేదు. ఆపితే బకాయి మన మీద పడి ఇల్లే పోవచ్చు. యజమాని పట్టించుకోకపోతే కౌన్సిల్ వాళ్లు, అంటే మన మునిసిపాలిటీ లాంటివాళ్లు, వచ్చి చూస్తారు. అంత అవసరం రాలేదు, గురువారం మనిషిని పంపుతామని యజమానే జవాబిచ్చారు.

తమ్ముడి పెళ్లిచూపుల సంగతి రాయలేదేం?

ఇన్నాళ్లూ ఆ గోడ నీ కంట పడకుండా ఫోను తిప్పి పట్టుకున్నాను. మొన్న పాప చేతిలో ఉంది కాబట్టి చూశావు. గొట్టం బాగయ్యాక గోడ ఆరడానికి వారాలు పడుతుందట. ప్రతి ఆదివారం నేనే చూపిస్తాను.

నీ పెద్దమ్మాయి