లాల్‌బాగ్ గేటు దగ్గర కొబ్బరిబోండాల అన్నకు

అన్నా, ఆ కంగారులో మీ పేరు అడగలేదు. పోయిన ఆదివారం బెంగళూరు లాల్‌బాగ్ గేటు దగ్గర మా ఆయన చేతిలోంచి బోండం జారి పక్కాయన కాళ్ల మీద పడింది. "పొద్దున్నే తాగొచ్చాడు" అన్నారెవరో. తాగలేదు. ఆయనకు హంటింగ్‌టన్ జబ్బు. కాళ్లూ చేతులూ వాటంతటవే కదులుతాయి.

మీరు కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నీళ్లు స్టీలు గ్లాసులో సగమే పోసి, ఆయన మణికట్టు పట్టుకున్నారు. "మెల్లగా అన్నా, తొందరేం లేదు." సగమే పోయాలని మీకెలా తెలిసింది? ఇంట్లో మాకు తెలియడానికే ఏడాది పట్టింది.

నా చేతిలో విరాళాల కవరు చూసి ఏంటని అడిగారు. ఈ జబ్బు మీద పరిశోధనకన్నాను. 1968లో, మాజీ భార్యకు ఇదే జబ్బని తెలిశాక అమెరికాలో మిల్టన్ వెక్స్‌లర్ అనే మనోవిశ్లేషకుడు మొదలుపెట్టిన ఫౌండేషన్ సాయంతోనే 1993లో దీని జన్యువు దొరికింది. మాన్పే మందు ఇంకా రాలేదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

మీరు వంద కవర్లో పెట్టి, "పిల్లలెంతమందమ్మా?" అన్నారు. ఇద్దరన్నాను. ఇంకో వంద పెట్టారు. బోండాల డబ్బూ తీసుకోలేదు.

రసీదులో పేరు దగ్గర ఖాళీగా ఉంది. ఈ ఆదివారం తెస్తాం అన్నా.