డిజైనర్లు మా టింకరింగ్ షాపులూ చూడాలి

సంపాదకులకు,

కొత్త కారు వచ్చిందంటే చాలు, మైలేజీ ఎంత, సన్‌రూఫ్ ఉందా, ఆన్‌రోడ్ ధరెంత, పేపర్లలో ఇదే గోల. ఆ బాడీకి ఆ రూపం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది ఎవరూ రాయరు.

ఒకప్పుడు ఛాసీ (కారు కింది చట్రం), ఇంజిను ఇంజినీర్లు ఖాయం చేశాక పైన రేకు తొడగడమే బాడీవాళ్ల పని. 1927లో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ హార్లీ ఎర్ల్ అనే డిజైనర్‌ను పెట్టుకుని, రూపం కోసమే ఒక విభాగం తెరిచింది. ఆయన క్లేతో నమూనాలు చేయించేవారు, ఏటా మోడల్ మార్చి జనానికి పాత కారు మీద మొహం మొత్తించే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే ముదిరింది. మన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన కియానే తీసుకోండి, 2006లో పీటర్ ష్రేయర్ అనే జర్మన్ డిజైనర్‌ను తెచ్చుకుంది. దాని 'పులి ముక్కు' గ్రిల్, అంటే ముందుండే జాలీ, ఆయన చలవే. తర్వాత ఆయన ఆ కంపెనీ ప్రెసిడెంట్లలో ఒకరయ్యారు!

ఇప్పుడైతే బొమ్మ గీయడంతో పని తీరదు. గాలిని ఎంత తేలిగ్గా చీల్చుకుపోతే ఎలక్ట్రిక్ కారుకు అంత రేంజి (ఒక్క ఛార్జింగ్‌కు వెళ్లే దూరం), ఇంజిను లేదు కాబట్టి ముందు గ్రిల్ మూసేయొచ్చు, మనిషికి గుద్దుకుంటే దెబ్బ తగ్గేలా బానెట్ కింద ఖాళీ వదలాలి. ఇవన్నీ డిజైనరూ ఇంజినీరూ మొదటి రోజు నుంచే కూర్చుని తేల్చుకోవాల్సినవి.

సరే, డిజైనర్లకు ఇంత పెత్తనం వచ్చింది, మరి రిపేరు ఖర్చు ఎవరి లెక్కలో ఉంది? టవర్ క్లాక్ దగ్గర ఒక ఆటో నా కారు వెనక తగిలింది. డిక్కీకి ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే లైటు పట్టీ, చూడ్డానికి భలే ఉంటుంది, మూలన బెత్తెడు పగిలిందంతే, షోరూంలో మొత్తం మార్చాలన్నారు. బంపర్ ఊడదీస్తే క్లిప్పులు విరిగాయి, సెన్సర్ వైరింగు అదో తలనొప్పి. మా మేస్త్రీ చూసి, "అంబాసిడర్‌కైతే సుత్తితో కొట్టి పుట్టీ పెడ్తాంటిమి సార్, దీన్నేం జేసేది?" అన్నాడు. సొట్ట తీయగల చేతులున్నాయి, తీయడానికి రేకే లేదు.

అందంగా ఉండొద్దని కాదు. డిజైన్ ఖాయం చేసేముందు ఇలాంటి ఊళ్లలో టింకరింగ్ షాపుల్లో నాలుగు రోజులు కూర్చుని చూడమంటున్నా. కారు ఇక్కడే తయారవుతోంది, ఆ మాత్రం అడిగే హక్కు అనంతపురం వాళ్లకు లేదా? మీరు కూడా ఇకపై కార్ల రివ్యూల్లో బంపర్, హెడ్‌లైటు, వెనక లైటు ధరలు వేయండి, ఆ ఒక్క వరస చూసి కొనేవాళ్లు చాలామందే ఉంటారు.

– ఒక పాఠకుడు, అనంతపురం