డిస్కు ఊడితే కంప్యూటర్ మొత్తం ఆగిపోవాలా?

సంపాదకులకు నమస్కారం.

నేను పెదవాల్తేరులో ఉంటాను. ముప్పై ఏళ్లు బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా వీధి చివర చిన్న పఠనాలయం ఒకటి చూసుకుంటున్నాను. అందులో ఆరు పాత కంప్యూటర్లు ఉన్నాయి. అన్నిటిలోనూ విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్సే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున ఏడు గంటల నుంచే వస్తారు. ప్రింటరు, పాత ప్రశ్నపత్రాలున్న బయటి హార్డ్‌డిస్కు ఒక్క కంప్యూటర్‌కే తగిలించి ఉంటాయి. మిగతా అయిదూ దాని మీద ఆధారపడతాయి.

పోయిన నెల ఒక ఉద్యోగ దరఖాస్తుకు చివరి రోజు. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ప్రింటరున్న ఆ కంప్యూటర్ మాత్రం పైకి లేవలేదు. నల్లటి తెర మీద ఎర్రటి చుక్కలు అటూ ఇటూ కదులుతున్నాయి, పక్కన సెకన్లు లెక్క పడుతున్నాయి. తొంభై సెకన్లు అయ్యాక ‘ఎమర్జెన్సీ మోడ్’ అని చూపించి రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతా, పాస్‌వర్డ్ అడిగింది. ప్రింట్ల కోసం నా వెనక పన్నెండు మంది పిల్లలు నిలబడ్డారు. నాకు ఒకటే టెన్షన్.

రిపేరు చేసే అబ్బాయిని పిలిపించాను. చూసీ చూడగానే, “హార్డ్‌డిస్క్ పోయిందండి మేడమ్, ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించాలి” అన్నాడు. వేసవిలో ఇంకో కంప్యూటర్‌కు ఇలాగే జరిగితే ఇదే మాట నమ్మి సరే అన్నాను. మా పేట పెద్దాయన ఒకరు చేత్తో రాసిన లెక్కల నోట్సు, నాలుగు వందల పేజీలకు పైగా స్కాన్ చేసి అందులోనే పెట్టాం. ఆ ఫార్మాట్‌తో అవన్నీ పోయాయి. అసలు కాగితాలేమో అప్పటికే చెమ్మకు పాడైపోయాయి. ఆయన ఇప్పుడు లేరు.

అందుకే ఈసారి ఒప్పుకోకుండా, కంప్యూటర్ల పనిలో ఉన్న నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. “టీచర్ గారూ, ఫార్మాట్ వద్దు. తెర మీద ఏ పరికరం కోసం ఎదురుచూస్తోందో చదవండి” అంది. చదివాను. డెవ్, డిస్క్, బై, మధ్యలో అర్థంకాని ఎక్స్2డీ, తర్వాత యూయూఐడీ, అంటే డిస్కు గుర్తింపు సంఖ్య అని పెద్ద అంకెల వరుస, చివర డివైస్. “అది లోపలి డిస్కు కాదు, బయటిది. తగిలించి ఉందా?” అని అడిగింది. బల్ల కింద చూస్తే యూఎస్‌బీ కేబుల్ సగం ఊడి ఉంది. మనది సముద్రపు గాలి కదా, ఆ ఉప్పుకు పోర్టుల్లో రేకులు తుప్పు పట్టి పట్టు వదిలేస్తాయి. కేబుల్ నొక్కి మళ్లీ ఆన్ చేస్తే నిమిషంలో అంతా మామూలే. చివరి ప్రింటు తీసేసరికి రాత్రి తొమ్మిదైంది.

బయటి డిస్కు ఒకటి లేనంత మాత్రాన కంప్యూటర్ ఎందుకు ఆగాలి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. వారం రోజులు మాన్యువల్ పేజీలు చదివాను. బడికి ఒక్క పిల్లవాడు రాలేదని గంటే కొట్టకుండా కూర్చున్నట్టు అనిపించింది నాకు. కానీ దానికీ ఒక కారణం ఉంది.

ఈ రోజుల్లో చాలా లినక్స్‌లలో సర్వీసులను, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌లను, నడిపించేది సిస్టమ్‌డీ. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ దీన్ని బయటపెట్టారు. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటు 2015లో దీన్నే మామూలు ఏర్పాటుగా తీసుకున్నాయి. కొత్త పరికరం తగలగానే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ కబురు చెబుతుంది. యూడెవ్ అనే ప్రోగ్రామ్ దాన్ని గుర్తుపట్టి వివరాలు రాస్తుంది. సిస్టమ్‌డీ అనే ట్యాగు ఉన్న పరికరానికి సిస్టమ్‌డీ తన లెక్కలో ‘డివైస్ యూనిట్’ ఒకటి తెరుస్తుంది. డిస్కులకు ఆ ట్యాగు ముందే ఉంటుంది. ఏ డిస్కు ఏ ఫోల్డర్‌లో కనిపించాలో రాసి ఉండే ఫైలు ఎఫ్‌స్టాబ్. అందులో ఒక డిస్కు పేరు రాసి వేరే ఏమీ చెప్పకపోతే, అది లేకుండా ముందుకు వెళ్లకూడదని సిస్టమ్‌డీ అర్థం చేసుకుంటుంది. తొంభై సెకన్లు చూసి ఆగిపోతుంది. డెబియన్ 8 విడుదల సూచనల్లోనే ఈ హెచ్చరిక ఉంది. పదేళ్లు దాటింది. రోజూ ఇదే పని చేసే మన రిపేరు పిల్లలకు ఆ కబురు ఇంకా అందలేదు.

దీనికి మందు ఒక్క మాట. ఎఫ్‌స్టాబ్‌లో ఆ డిస్కు వరుసలో ‘నోఫెయిల్’ అని చేర్చాలి. అప్పుడు డిస్కు ఉంటే తగులుతుంది, లేకపోయినా కంప్యూటర్ లేస్తుంది. ఎంతసేపు చూడాలో చెప్పే డివైస్ టైమౌట్ అనే ఇంకో మాట కూడా ఉంది. దాన్ని పది సెకన్లు పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. నోఫెయిల్ పెట్టిన వారానికే లోపలి డిస్కు నిండిపోయింది. చూస్తే, బయటి డిస్కు తగలని ఒక రాత్రి మా బ్యాకప్ ప్రోగ్రామ్ అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లో, అంటే లోపలి డిస్కులోనే, అంతా రాసేసింది. బ్యాకప్ అయిందనే మేము అనుకున్నాం. అందుకని బ్యాకప్ సర్వీసు ఫైలులో ‘రిక్వైర్స్ మౌంట్స్ ఫర్’ అని రాసి ఆ ఫోల్డర్ దారి ఇచ్చాను. ఇప్పుడు డిస్కు తగలకపోతే బ్యాకప్ మొదలే కాదు, తప్పు చూపిస్తుంది. ఏ డిస్కు లేకపోయినా నడవచ్చు, ఏది లేకపోతే ఆగాలి అన్నది మనమే ఆలోచించి రాయాలి. నోఫెయిల్ అన్ని చోట్లా అతికించే బిళ్ల కాదు.

టోకెన్ చీటీలు ముద్రించే చిన్న యంత్రానిదీ ఇలాంటి కథే. కేబుల్ ఊడి మళ్లీ పెడితే దాని ప్రోగ్రామ్ లేచేది కాదు, కంప్యూటర్ రీస్టార్ట్ చేయాల్సి వచ్చేది. మొదట ఒక విద్యార్థి యూడెవ్ రూల్‌లో, అంటే ఏ పరికరం తగిలితే ఏం చేయాలో రాసే ఫైలులో, ‘రన్’ అని పెట్టి ఆ ప్రోగ్రామ్‌ను పిలిచాడు. లేచినట్టే లేచి చచ్చిపోయేది. ఎక్కువసేపు నడిచే పనులు అక్కడ పెట్టకూడదట, పరికరం తగిలిన కబురు మీద తన పని ముగియగానే యూడెవ్ వాటిని ఆపేస్తుంది. మాన్యువల్‌లోనే రాసి ఉంది. రూల్‌లో ‘సిస్టమ్‌డీ వాంట్స్’ అని సర్వీసు పేరు ఇచ్చి, సిస్టమ్‌డీ ట్యాగు కలిపాం. సర్వీసు ఫైలులో ‘బైండ్స్ టు’, ‘ఆఫ్టర్’ అని ఆ డివైస్ యూనిట్ పేరు రాశాం. ఇప్పుడు యంత్రం తగిలితే సర్వీసు లేస్తుంది, ఊడితే ఆగుతుంది. రాసింది అయిదారు వరుసలే.

ఆ రిపేరు అబ్బాయిని నేను తప్పుపట్టడం లేదు. ఇదంతా అతనికి చూపిస్తే అరగంటలో పట్టేశాడు. ఒక కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, కానీ అక్కడ అతనికి ఇన్‌స్టాల్ చేయడం నేర్పారు, తెర మీది వరుస చదవడం నేర్పలేదు. ఆ వరుసలన్నీ ఇంగ్లిష్‌లో ఉండడం కూడా భయం పెంచుతుంది. తెలుగులో ఒకసారి చెబితే ఆ భయం పోవడం నా కళ్లతో చూశాను.

అందుకే మీ పత్రిక ద్వారా రెండు కోరికలు. మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో హార్డ్‌వేర్ చెప్పే మాస్టార్లు ఒక్క ల్యాబు గంట దీనికి ఇవ్వండి. ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న బయటి డిస్కును పిల్లల ముందే పీకి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయించి, ఎమర్జెన్సీ మోడ్‌లో వాళ్లచేతే కారణం వెతికించండి. ‘జర్నల్‌సీటీఎల్’ అనే ఆదేశం కొట్టి, కంప్యూటర్ తనకేం జరిగిందో రాసుకున్న లాగ్ చదివించండి. చదవకముందు ఎవరి కంప్యూటరూ ఫార్మాట్ చేయకూడదని అక్కడే అలవాటు చేయండి. రెండోది మీకే. మీ విద్యా పేజీలో ఉద్యోగాల సమాచారం చక్కగా ఇస్తున్నారు. దాని పక్కనే వారానికి ఒక పావు పేజీ, ఇలాంటి పనితనం తెలుగులో రాయించండి. పావు పేజీలో నోఫెయిల్ గురించి పూర్తిగా చెప్పొచ్చు.

వేసవిలో ఫార్మాటయిన ఆ కంప్యూటర్‌ను మా పఠనాలయంలో ఇప్పుడు ఈ పనికే పక్కన పెట్టాను. ఆదివారం పొద్దున పదింటికి ఆ రిపేరు అబ్బాయే వచ్చి పిల్లలచేత డిస్కు పీకించి, మళ్లీ లేపించి చూపిస్తున్నాడు. పోయిన ఆదివారం ఏడుగురు వచ్చారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం